కరెంటు బండ్లు: బ్యాటరీకి మేలు, ఇంటికి రక్ష

చెఱకు తోటలకును బెల్లపు వంటకును పేరు గన్న చోడవరము ప్రాంతమున నేడొక క్రొత్త వాహనము పల్లెబాటలలో తిరుగుచున్నది. పెట్రోలు అక్కఱలేని, చప్పుడు చేయని విద్యుత్ స్కూటరును మన గ్రామస్థులు ‘కరెంటు బండి’ యని పిలుచుచున్నారు. తోటకు ఎరువుబస్తా చేర్చుటకును, పాలక్యాను మోయుటకును, సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న అనకాపల్లికి పోయి వచ్చుటకును ఇది చక్కగా ఉపకరించును. గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగమును, 250 వాట్లకు మించని మోటారును గల చిన్న బండ్లకు రిజిస్ట్రేషనుగాని లైసెన్సుగాని అవసరము లేదు. కావున వృద్ధులును, చిన్న రైతులును వీనిని కొనుటకు ముందుకు వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పే. కాని ఈ బండికి ప్రాణమైన బ్యాటరీని గూర్చి ప్రతి గ్రామ పంచాయతీ సభ్యుడును కొన్ని సంగతులు తెలిసికొనుట అవసరము.

మూడు ప్రమాదములు – ఒకే పాఠము

చోడవరము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది 2022 ఏప్రిల్ నెలలో. ఆ నెలలోనే విజయవాడలో ఒక గృహస్థు క్రొత్తగా కొన్న స్కూటరు బ్యాటరీని రాత్రి పడకగదిలో చార్జింగునకు పెట్టి నిద్రించెను. తెల్లవారుజామున అది పేలి ఆయన మరణించెను, కుటుంబములోనివారు గాయపడిరి. అంతకు కొలది దినములు ముందే తెలంగాణలోని నిజామాబాదులో రాత్రివేళ ఇంటిలో చార్జింగునకు పెట్టిన బ్యాటరీ పేలి ఎనుబది ఏండ్ల వృద్ధుడొకడు ప్రాణములు కోల్పోయెను. అదే సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణమును, పై అంతస్తులలో లాడ్జియు గల భవనములో అగ్నిప్రమాదము జరిగి 8 మంది మరణించిరి. పొగ మెట్లదారిని క్రమ్ముకొనుటచే పైవారికి బయటపడు మార్గము లేకపోయెను.

ఈ మూడింటిలోను సమయము రాత్రి. స్థలము మనుష్యులు నిద్రించు ఇల్లు లేక భవనము. బ్యాటరీ చెడిపోవుట ఒక నష్టము. దాని ప్రక్కన మనుష్యులు నిద్రించుచుండుట, బయటికి పోవు దారి మూసికొనిపోవుట ప్రాణహాని. మొదటిదానిని పూర్తిగా నివారించుట మన చేతిలో లేకపోవచ్చును. రెండవదానిని నివారించుట తప్పక మన చేతిలో నున్నది.

బ్యాటరీలో జరుగునదేమి?

నేటి బండ్లలో హెచ్చు భాగము లిథియం బ్యాటరీలతో నడచుచున్నవి. పైకి ఒకే పెట్టెగా కనిపించినను, లోపల అనేక చిన్న ఘటములు వరుసగా కూర్చబడి యుండును. ప్రతి ఘటములోను రెండు ధ్రువముల నడుమ మిక్కిలి పలుచని పొర యొకటి యుండును. అతిగా చార్జి చేసినను, దెబ్బ తగిలినను, వేడి మితిమీరినను ఆ పొర చెడి రెండు ధ్రువములును కలిసికొనును. అప్పుడు పుట్టిన వేడి ఘటములోని ద్రవమును మండించును. ఆ మంట ప్రక్క ఘటమునకు, దానినుండి మరియొకదానికి ప్రాకును. వెలువడు పొగ విషపూరితము.

బెల్లము వండువారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పెనములో రసము కాగునంతసేపు తొందర లేదు. పాకము అదను దాటిన పిమ్మట క్షణములో మాడిపోవును. అందుచేతనే వంటవాడు పెనము ప్రక్కనుండి కదలడు. బ్యాటరీ యొక్క వేడియు అట్టిదే. అదను దాటకముందే జాగ్రత్త పడవలెను.

మఱియొక విశేషమేమనగా, బ్యాటరీ ఆయుస్సును తగ్గించునదియు ఈ వేడియే. ఇంటిని కాపాడు అలవాటులే బ్యాటరీని ఎక్కువ ఏండ్లు నిలుపును. బండి వెలలో పెద్ద భాగము బ్యాటరీదే కనుక, ఈ జాగ్రత్త రైతు ధనమునకు కూడ రక్ష.

చార్జి చేయు పద్ధతి

బండి దిగిన వెంటనే చార్జింగు పెట్టరాదు. అరగంట నీడన నిలిపి బ్యాటరీ చల్లబడిన పిమ్మటనే పెట్టవలెను. చాలవఱకు లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. వేసవి మధ్యాహ్నము ఎండలో గాని, కాగిన రేకుల కప్పు క్రింద గాని ఉంచిన బండి ఆ మేరను సులభముగా దాటును. వేసవిలో ఉదయపు వేళ చార్జింగునకు అనుకూలము. ఇంటివారు మేలుకొని యుందురు, గాలియు చల్లగా నుండును.

బండితో వచ్చిన చార్జరునే వాడవలెను. ప్లగ్గు సరిపోయినంత మాత్రమున వేఱొక బండి చార్జరు పనికిరాదు; వోల్టేజి భిన్నమైనచో బ్యాటరీ చెడును. చార్జరుపై గుడ్డగాని, గోనెసంచిగాని కప్పరాదు.

లిథియం బ్యాటరీ పూర్తిగా ఖాళీ యగువఱకు నడుపరాదు. అయిదవ వంతు మిగిలియుండగనే చార్జి చేసి, నిత్యపు పనులకు 80 శాతము నిండినచో చాలునని ఆపుట మేలు. దూరప్రయాణమునాడు పూర్తిగా నింపవచ్చును. కొన్ని రకములను అప్పుడప్పుడు పూర్తిగా నింపవలెనని తయారీదారులు చెప్పుదురు. వారి సూచనయే ప్రమాణము. పాత తరహా సీసపు బ్యాటరీల తీరు వేఱు. వానిని వాడిన దినముననే పూర్తిగా నింపవలెను. సగము నిండిన స్థితిలో విడిచినచో త్వరగా పాడగును.

ఇంటివారు పనులకై నెలల తరబడి వేఱొక ఊరికి పోవునప్పుడు, లిథియం బ్యాటరీని సుమారు సగము నింపి, చల్లని పొడిచోటున ఉంచి, నెలకొకసారి ఎవరిచేతనైన చూపించుట మంచిది.

వరదనీట మునిగిన బ్యాటరీని ఆరినదిగదా యని చార్జి చేయరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన ప్రాంతమును ఎట్లు అతలాకుతలము చేసెనో మనకు తెలియును. అట్టి విపత్తు తరువాత కరెంటు తిరిగివచ్చిన దినమున ఈ హెచ్చరిక ముఖ్యము. ఉబ్బినది, చిల్లుపడినది, వింత వాసన వేయునది యగు బ్యాటరీని వెంటనే ఇంటికి దూరముగా ఉంచి కంపెనీ మెకానిక్కునకు చూపవలెను.

స్థలము, వైరు, ప్లగ్గు

పడకగదిలోను, వంటయింటిలోను, వాకిలి ద్వారమునకు అడ్డముగాను చార్జింగు పెట్టరాదు. తాటాకు పాకలు, గడ్డివాములు, ఎండిన చెఱకు పిప్పి రాసులు మన గ్రామములలో సామాన్యము. వీని ప్రక్కన చార్జింగు పెట్టుట నిప్పుతో చెలగాటమే. గోడవారగా, గాలి తగులు నీడగల బయటి స్థలము ఉత్తమము.

చార్జరు తీసికొను కరెంటు ఇస్త్రీపెట్టెకంటె తక్కువే యుండును. అయినను ఇస్త్రీపెట్టె కొలది నిమిషములు పనిచేయగా, చార్జరు నాలుగైదు గంటలు ఎడతెగక పనిచేయును. అందుచేత వదులుగా నున్న ప్లగ్గు, అతుకులు వేసిన సన్నని వైరు క్రమముగా కాగి కరగును. ప్లగ్గును ముట్టినపుడు వేడిగా తగిలినచో అదియే హెచ్చరిక. మూడు రంధ్రముల సాకెట్టును, సరియైన ఎర్తును, కరెంటు లీకైనప్పుడు తానే ఆపివేయు స్విచ్చును అమర్చుకొనవలెను. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోవును గనుక నీరు పోయుచుండవలెను.

ప్రమాదము వచ్చినచో

పొగగాని, చిటపట శబ్దముగాని వచ్చినచో మొదట మనుష్యులను, పిదప పశువులను దూరమునకు చేర్చవలెను. బ్యాటరీని చేతులతో ఎత్తి బయట పడవేయ యత్నింపరాదు. సాధ్యమైనచో మెయిన్ స్విచ్చి ఆపి, 101 నంబరునకు అగ్నిమాపక దళమును పిలువవలెను. కరెంటు ఆపిన తరువాత దూరమునుండి పుష్కలముగా నీరు చల్లినచో వేడి తగ్గును. మంట ఆరినట్లు కనిపించినను కొన్ని గంటల తరువాత మరల రాజుకొనవచ్చును. కావున దానిని తిరిగి ఇంటిలోనికి తేరాదు.

పంచాయతీ చేయదగినది

2022నాటి ప్రమాదముల పిమ్మట కేంద్రప్రభుత్వము ‘ఏ.ఐ.ఎస్. 156’ అను భద్రతా ప్రమాణమును కట్టుదిట్టము చేసి, ఆ సంవత్సరము డిసెంబరు 1నుండి ఒక విడతగాను, 2023 మార్చి 31నుండి రెండవ విడతగాను అమలులోనికి తెచ్చినది. అంతకు ముందు కొన్న బండ్లకును, బజారులో విడిభాగములతో కూర్చిన చవుక బ్యాటరీలకును ఎక్కువ జాగ్రత్త కావలెను. కొనువారు రసీదును, ఈ ప్రమాణమునకు సంబంధించిన పత్రమును అడిగి తీసికొనవలెనని గ్రామసభలో చెప్పుట సభ్యుల విధి.

పాకలలో నివసించువారికిని, ఇరుకుటిండ్లవారికిని సురక్షితమైన స్థలము చూపకుండ ‘ఇంటిలో పెట్టవద్ద’ని చెప్పుట వట్టి మాటయే యగును. కావున పంచాయతీ కార్యాలయపు ఆవరణలో ఇటుకగోడలు గలిగి, మూడు ప్రక్కల గాలి ఆడు చిన్న చార్జింగు కొట్టమును, దానికి ప్రత్యేక మీటరును ఏర్పాటు చేయు విషయమును సభ్యులు ఆలోచింపవలెనని మా మనవి. వాడిన కరెంటు ఖర్చును బండివారే భరింపవచ్చును.

కాలము తీరిన బ్యాటరీలను చెత్తకుప్పలో వేయరాదు. పాత ఇనుము కొనువాడు పగులగొట్టుటకును ఈయరాదు. 2022నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులది. అమ్మిన దుకాణమునకే వానిని చేర్చునట్లు చూడవలెను.

క్రొత్త వాహనమునకు భయపడి వెనుదీయ నక్కఱలేదు. పెట్రోలును పొయ్యి దగ్గఱ ఉంచరాదని మనము నేర్చికొంటిమి. బ్యాటరీని మంచము దగ్గఱ ఉంచరాదని కూడ అట్లే నేర్వగలము. రాబోవు వేసవికి ముందే ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని కరెంటు బండ్లు ఎన్ని, అవి రాత్రివేళ ఎక్కడ చార్జింగునకు పెట్టబడుచున్నవి అని ఒక సాయంకాలము తిరిగి చూచినచో చాలును. ఆ ఒక్క సాయంకాలపు శ్రమ ఒక కుటుంబమును కాపాడవచ్చును.