బొగ్గుపుల్ల, జాజు, నీటిరంగు

మంచిర్యాల, బెల్లంపల్లి నడుమ రైలుమార్గముపై మందమర్రి యున్నది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిదైన ఈ పట్టణము 2016 నుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. సింగరేణి గనుల పేరు వినినవారికి ఈ యూరిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్చటి నేలక్రింద ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పైబడిన బొగ్గుపొరలు కలవు. ఇట్టి యూరిలో బొమ్మలు గీయవలెనను ముచ్చటగల బాలునకు మొదట తోచు ఆలోచన యొకటి కలదు. కాలిక్రింద ఇంత బొగ్గుండగా, బొమ్మ గీయు బొగ్గును అంగడిలో కొననేల?

ఆలోచన సహజమైనదే. కాని గనిబొగ్గు కాగితముపై సరిగా పలుకదు. అందు మన్నును రాతిపొడియు కలసియుండును. ముక్క గట్టిదై కాగితమును గీరునే గాని నల్లని నిండైన గీతను విడువదు. చిత్రకారుడు వాడునది కట్టెబొగ్గు. రెంటికిని పుట్టుక చెట్టునందే యైనను, గనిబొగ్గు యుగముల తరబడి నేలబరువుక్రింద నలిగి రాయివలె బిగిసినది. కట్టెబొగ్గునందు పుల్లలోని సన్నని రంధ్రములు అట్లే నిలిచియుండును. అందుచే నది తేలికగ పొడియై కాగితపు గరుకునందు చిక్కుకొనును.

దీనిని చేయుట కష్టము కాదు. పెన్సిలంత లావుగల చింతపుల్లలను బెరడు తీసి యెండబెట్టి, మూతగల రేకుడబ్బాలో బిగువుగా పేర్చి, మూతకు చిన్న రంధ్రము చేసి నిప్పులలో నుంచవలెను. ఇది పెద్దల యెదుట చేయదగిన పని. పుల్లలలోని తేమయు ఇతర ఆవిరులును పొగయై రంధ్రమునుండి వెడలును. పొగ నిలిచిన పిమ్మట డబ్బాను వెలికి తీసి పూర్తిగ చల్లారనీయవలెను. తొందరపడి వేడిమీద మూత తెరచినచో గాలి సోకి పుల్లలు రాజుకొని బూడిదయగును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టపై తొలి గీతలను చింతపుల్ల బొగ్గుతోనే గీయుదురు. తప్పిన గీతను దులిపివేయవచ్చును గదా! ఆ సుళువే బొగ్గుచిత్రమునకు చేటును తెచ్చును. చేయి తగిలినంతనే బొమ్మ చెదరును. దానిని నిలుపుటకు పూర్వము పలుచని జిగురునీటిని, వెన్న తీసిన పాలను చల్లెడివారు. హాలెండు దేశపు చిత్రకారుడు వాన్ గో తన పెన్సిలు చిత్రములపై నీరు కలిపిన పాలు పోసెడివాడని అతని లేఖలవలన తెలియుచున్నది.

పెన్సిలు కథ యింకొకటి. అందలి నల్లని కడ్డీ సీసము కాదు; అదియును బొగ్గువలె కర్బనమే. ఇంగ్లాండులో దొరకు మేలైన గ్రాఫైటు యుద్ధమువలన ఫ్రాన్సునకు అందకపోగా, 1795లో కోంటె యను ఫ్రెంచివాడు తక్కువరకపు గ్రాఫైటు పొడికి బంకమన్ను కలిపి కాల్చి కడ్డీలు చేసెను. మన్ను హెచ్చిన గీత గట్టిపడి పలుచనగును. తగ్గిన మెత్తనై నల్లనగును. పెన్సిళ్ళపై కనబడు హెచ్, బి యను అక్షరముల యర్థ మిదియే.

నీటిరంగు వీని యన్నింటికంటె పేచీకోరు. రంగుపొడిని తుమ్మజాతి చెట్ల బంకతో నూరిన నీటిరంగగును. బంక లేనిచో ఆరిన రంగు పొడియై రాలును. మితిమీరినచో పగుళ్ళు తీయును. ఈ రంగు పారదర్శకమైనది. వెలుతురు రంగుపొరను దాటి కాగితపు తెలుపును తాకి తిరిగి వచ్చుటచేతనే దానికా నిగనిగ కలుగుచున్నది. కావున తెల్లని మేఘమును వేయవలసినవాడు దానిని వేయక, చుట్టునున్న యాకాశమును మాత్రమే వేసి కాగితమును వదలివేయును. వదలుట నేర్చుకొనుటకు చాలకాలము పట్టును. పన్నెండు బిళ్ళల పెట్టె కొన్న మొదటినాడు అన్ని రంగులను ఒక్కచోటనే కలిపి బురద చేయనివారు అరుదు.

నోటుబుక్కు కాగితముపై నీటిరంగు వేసిన నది ముడుతలు పడును. తడి తగిలిన దారములు ఉబ్బి, తడియని చోటుల దారములను త్రోయుటయే దీనికి కారణము. దళసరి కాగితమును ముందుగ తడిపి, చెక్కపై పరచి, అంచులను జిగురుకాగితముతో అంటించి ఆరనిచ్చినచో ఈ బాధ చాలవరకు తగ్గును. తడికాగితముపై రంగు విడిచిన నది పొగమంచువలె వ్యాపించును. తడిరంగుపై ఉప్పురవ్వలు చల్లిన, ప్రతి రవ్వయు చుట్టునున్న నీటిని పీల్చుకొని చుక్కలవంటి లేతమచ్చలను మిగుల్చును. ఇట్టి ప్రయోగములు ఆటలవలె కనబడినను, నీరు ఎచ్చట కదలునో, ఎచ్చట ఆగునో వీనివలననే తెలియును.

రంగును ఇంటివద్ద చేసికొనుటయు అసాధ్యము కాదు. గోడలకు పూయు జాజును మెత్తగ నూరి, నీటిలో కలిపి, ఇసుక అడుగునకు దిగినంతనే పైనున్న ఎఱ్ఱని నీటిని వేరు పాత్రలోనికి వంపవలెను. అది నిలిచి తేరిన పిమ్మట అడుగున మిగిలిన మెత్తని మన్నుకు తుమ్మబంక నీరును, రెండుచుక్కల తేనెయు చేర్చిన మంచి రంగు సిద్ధమగును. పసుపును ఇట్లే చేసిన ఇంకను ప్రకాశమానముగ నుండును. చూచినవారందరును పసుపునే మెచ్చుకొందురు.

కాని యెండ తీర్పు వేరు. ఒక కాగితముపై జాజుగీత, పసుపుగీత, దీపపు మసిగీత వేసి, సగము దళసరి అట్టతో కప్పి, కిటికీలో కొన్నివారము లుంచిన, కప్పని సగమున పసుపు వెలిసిపోవును. జాజును మసియు చెక్కుచెదరవు. జాజు ఇనుపతుప్పు వంటి ఖనిజము, మసి కర్బనము. పసుపులోని రంగు మొక్కలో పుట్టినది, వెలుతురునకు విరిగిపోవును. 1888లో ఇంగ్లాండున రస్సెల్, ఆబ్నీ యను శాస్త్రజ్ఞులు నీటిరంగు పూసిన కాగితపు ముక్కలను గాజుగొట్టములలో నుంచి ఎండలో దీర్ఘకాలము పరీక్షించి, ఏ రంగులు నిలుచునో, ఏవి నిలువవో ప్రకటించిరి. తేమయు గాలియు లేనిచో పెక్కు రంగులు అంతగా వెలియవనియు వారు కనుగొనిరి. గోదావరికి ఆవలిగట్టున, భూపాలపల్లి జిల్లా రేగొండ సమీపమునందలి పాండవుల గుట్టపై ఆదిమమానవులు ఎఱ్ఱమన్నుతో వేసిన చిత్రములు నేటికిని కనబడుచున్నవి. వారికి అంగడి లేదు, పాఠశాల లేదు. నిలుచు రంగు మాత్రము చేతికందినది.

ముచ్చటకు గీయువారికి పరికరములకంటె పెద్దలోటు మరియొకటి కలదు. తన బొమ్మలోని తప్పు తనకు కనబడదు. బొగ్గు నల్లనిదని తెలియుటచేత గనివద్ద నున్న బొగ్గుకుప్పను నల్లరంగుతో నింపివేసిన బాలుని, ప్రక్కనున్న మిత్రుడు ఎండలో నిలిపి చూడుమనవలెను. మెరయు ముఖములపై ఆకాశపు నీలిమ పడి, కుప్పలో సగము నీలముగను బూడిదవన్నెగను కనబడును.

1799లో లండనునందు గర్టిన్ మొదలగు యువచిత్రకారులు ఒక సంఘముగ కూడిరి. ప్రతి కూటమియు ఒక్కొక్క సభ్యుని యింట జరిగెడిది. కాగితములు, రంగులు ఆ యింటివాడే యిచ్చెడివాడు. ఒక పద్యభాగమును చదివి, అందరును దానికే బొమ్మ వేసెడివారు. బొమ్మలన్నియు ఆ యింటివానికే దక్కెడివి. ఒకే పద్యమునకు అన్ని రూపములు ఒక్కచోట కనబడినపుడు ఎవరు దేనిని విడిచిరో వేరుగ చెప్పవలసిన పని లేదు.

తెలుగుదేశమునందును ఇట్టి సాహచర్యము ఫలించినది. 1909లో రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగ వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే తీరికవేళల నీటిరంగు చిత్రములు వేసికొనువాడు. విద్యార్థులను వెంటనిడుకొని బొమ్మలు వేయించెను. వారిలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము కలరు. ఇరువదియెనిమిదేండ్లు నిండకయే, 1925లో, రామారావు మశూచివలన మరణింపగా, అతడు స్థాపించిన చిత్రకళాశాలను మిత్రుడు వెంకటరత్నము నడిపెను. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో నివసించిన సంజీవదేవ్ (1914–1999) తాను నీటిరంగులతోను పాస్టెలుతోను ప్రకృతిదృశ్యములు వేయుచు, దూరదేశములవారితో సహితము కళనుగూర్చి లేఖలలో ముచ్చటించెను. పల్లెలో నివసించుచునే అంత చెలిమి సాధ్యమైనది. ఉత్తరతెలంగాణమునుండి పి.టి.రెడ్డి, తోట వైకుంఠము వంటివారు పెద్ద చిత్రకారులైరి. వైకుంఠము తొలినాళ్ళలో బొగ్గుతోను పెన్సిలుతోను ఎన్నియో చిత్రములు గీసెను.

గనిపట్టణమునందు తీరిక షిఫ్టులను బట్టి మారును. ఒకరు పనినుండి వచ్చువేళకు మరియొకరు వెళ్ళుదురు. అందరును ఒక్కచోట కూడలేనపుడు బొమ్మయే ఇల్లిల్లు తిరుగవలెను. నేడు ఫోనులో చిత్రమును క్షణములో పంపవచ్చును గాని, అందు కాగితపు గరుకును రంగుపొర పలుచదనమును సరిగా తెలియవు. కావున బొమ్మను చేతికి ఇచ్చునపుడు వెనుకవైపున కాగితమేదో, రంగు ఎచ్చటిదో, బంక యెంత కలిపినదో, వేసిన తేదీ యేదో వ్రాయుట మేలు. చేసికొన్నవారు వ్రాసిన ఆ నాలుగు పంక్తులు చూచి మరియొకరు అదే రంగును మరల చేయగలరు, లేదా అది ఎందుకు వెలిసినదో కనుగొనగలరు.