మీటరు వంద అంటే వంద అడుగులేనా?

ట్రోలింగ్ అనగానే మనకి ఇన్‌స్టాలో కామెంట్ల కింద జరిగేదే గుర్తొస్తుంది. చేపలు పట్టేవాళ్ళ ట్రోలింగ్ వేరు. పడవని గంటకి రెండు మైళ్ళు అటూ ఇటూగా, అంటే మనం నడిచేదానికన్నా నెమ్మదిగా నడుపుతూ, వెనకాల నీళ్ళలో నకిలీ చేపపిల్లల్ని దారంతో లాక్కుంటూ పోవడం. పెద్ద చేప దాన్ని నిజం చేప అనుకుని నోట్లో వేసుకుంటే మన పంట పండినట్టే.

అమెరికా, కెనడా మధ్య ఉన్న గ్రేట్ లేక్స్‌లో ఇది చాలా పెద్ద సరదా. ఈరీ సరస్సులో వాల్‌ఐ అనే చేప కోసం, మిషిగన్ సరస్సులో సాల్మన్ కోసం. అన్నట్టు ఆ సాల్మన్ అక్కడ పుట్టినవి కావు. ఏల్‌వైఫ్ అనే చిన్న చేపలు విపరీతంగా పెరిగిపోతే, వాటిని తినడానికి 1966లో కోహో రకాన్ని, 1967లో షినూక్ రకాన్ని పసిఫిక్ వైపు నుంచి తెచ్చి వదిలారు. ఇదంతా నాకెందుకు తెలిసిందంటే, మా పెద్దమ్మ కొడుకు క్లీవ్‌లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఊరి పక్కనే ఈరీ సరస్సు. ఫ్రెండ్‌తో కలిసి ఒక పాత పడవ కొన్నాడు. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్స్ కదా, ఈ లైన్ కౌంటర్ రీళ్ళలో ఏది కొనాలో చూసి చెప్పు" అని ఇరవై లింకులు పంపాడు. కంప్యూటర్స్ చదివితే ఫ్యాన్ దగ్గర్నుంచి గాలం దాకా అన్నీ తెలుస్తాయని మన ఇళ్ళలో నమ్మకం. బడ్జెట్ మాత్రం పక్కా: మూడు వందల డాలర్లు, అంతకుమించి వదిన ఒప్పుకోదు.

ముందు అసలు దారం ఎందుకు లెక్కపెట్టాలో చూద్దాం. ఎండాకాలంలో సరస్సు నీళ్ళు పొరలుగా విడిపోతాయి. పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర, మధ్యలో వేడి గబుక్కున పడిపోయే సన్నటి పొర. చేపలు తమకి నచ్చిన లోతు చూసుకుని అక్కడే తిరుగుతుంటాయి. ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లు, అంటే సుమారు 62 అడుగులు. అందులో చేపలు 25 అడుగుల దగ్గర ఉంటే, మన ఎర 40 అడుగుల్లో పోతూ ఉంటే రోజంతా పెట్రోలు కాల్చడమే మిగులుతుంది. చాలా చేపలు తమ పైనున్న ఎర కోసం పైకి వస్తాయి కానీ, కిందున్న దానికోసం దిగడం తక్కువ.

మరి ఎర లోతుని మార్చేదెలా? ఈ నకిలీ చేపలకి మూతి దగ్గర చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. లాగుతుంటే అది నీళ్ళని తోస్తూ ఎరని కిందకి దింపుతుంది. దారం ఎక్కువ వదిలితే ఇంకా లోతుకి పోతుంది, ఒక హద్దు దాకా. దారం లావుగా ఉంటే నీటి రాపిడి ఎక్కువ కాబట్టి అంత లోతుకి పోదు. ఏ ఎర ఎన్ని అడుగుల దారానికి ఎంత లోతు పోతుందో చెప్పే పట్టికలు కూడా ఉన్నాయి. అంటే పడవలో కూర్చున్న మనిషి చేతిలో లోతు అనే బటన్ లేదు, దారం పొడవు అనే బటన్ ఉంది. దాన్ని చూపించే మీటరు ఉన్న రీలే లైన్ కౌంటర్ రీల్.

ఇక్కడే నాకు ఆసక్తి పుట్టింది. ఆ మీటరు దారాన్ని కొలవదు! దారం చుట్టుకునే స్పూల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, పళ్ళచక్రాలతో దాన్ని అడుగులుగా మార్చి చూపిస్తుంది. మన బైక్ మీటరూ అంతే కదా, చక్రం చుట్లనే కిలోమీటర్లుగా చూపిస్తుంది. చిన్న టైరు వేస్తే నడిచినదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసినవాళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. చరఖా నిండుగా ఉన్నప్పుడు ఒక్క చుట్టుకి బోలెడు మాంజా పోతుంది, అడుక్కొచ్చేసరికి ఎన్ని చుట్లు తిప్పినా కొంచెమే పోతుంది.

రీలు కంపెనీవాళ్ళు, ఫలానా దారంతో స్పూల్ నిండుగా ఉందనుకుని మీటరు లెక్క సెట్ చేస్తారు. ఉదాహరణకి నిండు స్పూల్ వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకి 157 మిల్లీమీటర్ల దారం పోతుంది. మనం పిసినారితనంతో 40 మిల్లీమీటర్ల దాకానే దారం చుడితే ఒక చుట్టుకి 126 మాత్రమే. మీటరుకి ఆ సంగతి తెలియదు. అది వంద అడుగులు అని చూపించేటప్పటికి నీళ్ళలో ఉన్నది 80 అడుగులకి పైసా ఎక్కువ కాదు.

దారం వదులుతున్నకొద్దీ స్పూల్ సన్నబడుతుంది కాబట్టి తప్పు కూడా పెరుగుతూ పోతుందేమో, అందుకే ఖరీదైన రీలు కావాలేమో అని అన్నయ్య అనుమానం. నేను పైథాన్‌లో పది లైన్లు రాసి చూశా. 40 మిల్లీమీటర్ల వెడల్పు స్పూల్, మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉన్న నైలాన్ దారం. వంద అడుగులు వదిలాక 50 కాస్తా 49 దగ్గరికి వచ్చింది, అంతే. మూడు వందల అడుగులు వదిలినా 47కి కొంచెం తక్కువ. వదలడం వల్ల వచ్చే తేడా చిన్నది. మొదట్లోనే స్పూల్ సరిగ్గా నింపకపోవడం వల్ల వచ్చే తేడానే పెద్దది, దానికి రీలు ధరతో సంబంధం లేదు.

కాబట్టి నా సలహాలో సగం కొన్న తర్వాత చెయ్యాల్సిన పనే. అంచుకి ఒక మూడు మిల్లీమీటర్లు వదిలి స్పూల్ నిండా దారం చుట్టాలి. అల్లిక దారం, అంటే బ్రెయిడ్ వాడితే అది సన్నం, ఖరీదు కూడా. దాంతోనే స్పూల్ నింపాలంటే పర్సు ఖాళీ. అడుగున చవక నైలాన్ దారం చుట్టి పైన బ్రెయిడ్ వెయ్యాలి. బ్రెయిడ్ నున్నటి స్పూల్ మీద జారిపోతుంది కూడా, కింద నైలాన్ ఉంటే ఆ బాధా ఉండదు. సీజన్‌లో ముడులు పడ్డ చోటల్లా కత్తిరిస్తూ పోతే దారం తగ్గుతుంది, మళ్ళీ నింపుకోవాలి. ఆ తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలంలో టేపు పరిచి, మీటరు సున్నా చేసి, సరిగ్గా వంద అడుగులు లాగి ఎంత చూపిస్తుందో చూసి, ఆ అంకె రీలు మీద స్టిక్కర్‌గా అంటించాలి. రోబోటిక్స్ క్లబ్‌లో చక్రాల ఎన్‌కోడర్‌తో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు.

కొనేటప్పుడు చూడాల్సినది ఇంకోటి. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో యాక్యురసీ, ప్రిసిషన్ అని బట్టీ పట్టాం కదా, ఇక్కడ పనికొచ్చేది రెండోది. ఒక గాలానికి మీటరు 85 దగ్గర చేప పడిందనుకోండి. మిగతా గాలాలన్నిటినీ గబగబా 85కి మార్చాలి. ఆ 85 నిజంగా 85 అడుగులా, 80 అడుగులా అన్నది చేపకి అనవసరం. అన్ని రీళ్ళలోనూ 85 అంటే ఒకటే అవ్వాలి. అందుకే రెండు వందలు దాటే షిమానో టెకోటా ఒకటి, చవకది ఇంకోటి కలిపి కొనడం కన్నా, మధ్యరకానివి ఒకే కంపెనీ, ఒకే సైజు రెండు కొనడం మేలని నేను గట్టిగా చెప్పా. టెకోటా చాలా మంచి రీలని అందరూ అంటారు, నేను కాదనను. కానీ జత కుదరని మంచి రీలు ఈ పనికి సగమే.

సైజు అంకెలు కంపెనీకో రకం. ఒకుమావాళ్ళు 20, 30, 45 అంటే, షిమానోవాళ్ళు 300, 500, 600 అంటారు. ఒకదాంతో ఒకటి పోల్చకూడదు. ఒకుమా లెక్కలో వాల్‌ఐకి 20 సరిపోతుంది. సాల్మన్ కోసం పెద్ద డైవర్లు కట్టి లాగాలంటే 30. లెడ్‌కోర్ అనే సీసం దారానికి 45, ఎందుకంటే అది లావు, చాలా చోటు తింటుంది. నాకు వీటన్నిట్లో నచ్చింది లెడ్‌కోరే. ప్రతి పది గజాలకీ దాని రంగు మారుతుంది. ఎన్ని రంగులు పోయాయో చూస్తే చాలు, మీటరు పాడైనా దిగుల్లేదు.

బరువైన గుండుతో ఎరని దింపే డౌన్‌రిగ్గర్ పడవలో ఉంటే దానికి లోతు మీటరు వేరే ఉంటుంది, అలాంటివాళ్ళకి ఈ రీలు అంత అవసరం లేదు. అన్నయ్య పడవలో అది లేదు.

ఇక డ్రాగ్. చేప గుంజినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలే బ్రేకు లాంటిది. పడవ ముందుకి పోతుంటే చేప వెనక్కి లాగుతుంది, బ్రెయిడ్‌కి సాగే గుణం లేదు, కాబట్టి డ్రాగ్ కుదుపుల్లేకుండా వదలాలి. కొట్లో చేత్తో లాగి చూస్తే తెలిసిపోతుంది. మీటరు అద్దం ఎండలో కనిపిస్తోందా, సున్నా చేసే బటన్ చలిలో గ్లోవ్స్‌తో తిరుగుతోందా అని కూడా చూడమన్నా. గేరు నిష్పత్తి గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్ళున్నారు, వాల్‌ఐకి అంత సీను లేదు.

సున్నా ఎక్కడ నొక్కాలన్నది మాత్రం పడవలో అందరూ ముందే అనుకోవాలి. ఒకరు ఎర కర్ర కొసకి తగిలినప్పుడు, ఇంకొకరు నీళ్ళని తాకినప్పుడు నొక్కితే అక్కడే కొన్ని అడుగులు తేడా, మనం ఇంత కష్టపడి కుదిర్చిన లెక్కంతా గంగపాలు.

చివరికి 20 సైజువి రెండు కొన్నాడు, బడ్జెట్‌లోనే. ఒకే దారం, ఒకే అంచు దాకా నింపాడు. పార్కింగ్ స్థలంలో వంద అడుగులు లాగితే ఒకటి 103, ఇంకోటి 104 చూపించాయట. "వందకి తేవడానికి ఏమైనా చెయ్యాలా?" అని మెసేజ్ పెట్టాడు. ఏమీ చెయ్యక్కర్లేదు, స్టిక్కర్లు అంటించు చాలన్నా.