ముట్టుకోరు, గీకరు, లోపలి గుట్టు లాగేస్తారు! మీకు తెలుసా?

బిట్రగుంటలో రైలు కోసం ఎదురుచూస్తున్నారా? పట్టాల మీద చిన్న తోపుడు యంత్రం కనిపిస్తే వదలకండి, నిలబడి చూడండి! రైల్వేవాళ్లు దాన్ని మెల్లగా నెట్టుకుంటూ పోతారు. కింద నీళ్లు పట్టాను తడుపుతుంటాయి. ఆ తడి మీదుగా మన చెవికి అందని శబ్దం ఉక్కులోకి దిగుతుంది. లోపల పగులుందా? తగిలి వెనక్కొస్తుంది! ఆ శబ్దం సెకనుకు 20 లక్షల సార్లకు పైగా కంపిస్తుంది!

ఇదే కిటుకు పాలరాతి శిల్పాలకూ పనికొస్తుంది! గట్టి పాలరాతిలో శబ్దం సెకనుకు 5 కిలోమీటర్లు దూసుకుపోతుంది. గుల్లబారిన రాతిలో నీరసించిపోతుంది. పైకి నిగనిగలాడే బొమ్మ లోపల ఎలా ఉందో ఉలి తగలకుండానే తెలిసిపోతుంది!

పంచలోహ విగ్రహంలో రాగి ఎంతో చెప్పాలా? గీకక్కర్లేదు! చేతిలో పట్టే ఎక్స్ కిరణాల యంత్రం చాలు. కిరణం తగలగానే ఒక్కో లోహం తన గుర్తుగా ఒక్కో కిరణం విడుస్తుంది. రాగిదైతే సుమారు 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. డిటెక్టర్ ఇట్టే పట్టేస్తుంది!

ఇక అసలు వింత వినండి! హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. పేరు నైషు. వేల ఏళ్ల నాటి కట్లు, విప్పితే పొడిపొడే! మరి లోపల ఎవరో ఎలా తెలియాలి? 2016లో మనకు తీసినట్టే ఆమెకూ సీటీ స్కాన్ తీశారు! ఒక్క పోగు కదల్లేదు. ఎముకలు, పళ్లు తెరమీద కనిపించాయి. చనిపోయేనాటికి ఆమె వయసు సుమారు 25 ఏళ్లేనట! పాపం, ఎంత చిన్న పిల్లో!

ఆ కట్లు పాడవకుండా ఏం చేశారో తెలుసా? మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజనే. అదే ఆమెకు శత్రువు! అందుకే నైట్రోజన్ నింపిన అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. పురుగు బతకదు, బూజు పట్టదు!

కిరణాలే కాదు, కణాలూ లోపలి గుట్టు విప్పుతాయి! మన సరిహద్దు పక్కనే, తెలుగు బాగా వినిపించే కోలార్ బంగారు గనుల్లో 1965లో ఏం జరిగిందో విన్నారా? నేలకు 2 కిలోమీటర్లకు పైగా లోతున శాస్త్రవేత్తలు న్యూట్రినోలనే కణాల జాడ పట్టారు! ఆ జాడ చెప్పింది మ్యుయాన్ అనే కణం. ఆకాశం నుంచి కురిసే మ్యుయాన్లు ఇప్పుడు కూడా మీ అరచేతిలోంచి దూరిపోతున్నాయి, సెకనుకు ఒకటి చొప్పున!

అలాంటి మ్యుయాన్లను లెక్కబెట్టే 2017లో గిజా మహా పిరమిడ్ లోపల ఎవరికీ తెలియని ఖాళీ కనిపెట్టారు. పొడవు కనీసం 30 మీటర్లు! ఒక్క రాయీ కదపలేదు!

మన నంద్యాల జిల్లా జ్వాలాపురం మాటేమిటి? ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ పొరగా ఉంది! దాని పైనా, కిందా ఆదిమానవుల రాతి పనిముట్లు! కింది మన్ను చివరిసారి ఎండ చూసి సుమారు 77,000 ఏళ్లు. ఎలా తెలిసింది? ఇసుక రేణువు మీద కాంతి వేస్తే, అది ఇన్నాళ్లూ దాచుకున్న శక్తిని మిణుకుమని వదిలేస్తుంది. ఆ మిణుకుల్ని డిటెక్టర్ ఒక్కొక్కటిగా లెక్కబెడుతుంది. అందుకే ఆ మట్టిని వెలుతురు చొరని గొట్టాల్లో మోసుకెళ్తారు. కాసేపు ఎండ తగిలిందా, వేల ఏళ్ల లెక్క అక్కడికక్కడే తుడిచిపెట్టుకుపోతుంది!