‘కావాలనే కొట్టాడండీ’

గట్టు తగాదా కేసుల్లో సాక్షి నోట తప్పకుండా వచ్చే మాట ‘కావాలని’. అదీ చివర ఒత్తి మరీ: “కావాలనే కొట్టాడండీ.” ఈ మాట మంచి పనికి వాడగా నేను వినలేదు. కావాలని అన్నం పెట్టాడని ఎవరంటారు? మంచికైతే ‘కోరి’ ఉంది, ‘ఏరికోరి’ ఉంది. ‘పనిగట్టుకుని’ ఇంకా ఘాటు. కొట్టడానికే ఇంటి దగ్గర బయల్దేరాడన్న మాట. ఈమధ్య కుర్ర సాక్షులు ‘వాంటెడ్‌గా’ అంటున్నారు. స్టెనో నా మొహం చూస్తాడు.

చట్టం పట్టుకునే మాట వేరు. 1860 నాటి ఐపీసీ 39వ సెక్షన్ ‘వాలంటరీలీ’కి అర్థం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 2(33). బయట వాలంటరీ అంటే ఎవరి బలవంతమూ లేకుండా అని. ఇక్కడ అంతకంటే చాలా వెడల్పు. ఫలితాన్ని కోరి చేసినా, ఆ ఫలితం రావచ్చని తెలిసి చేసినా, వస్తుందని నమ్మడానికి తగిన కారణం ఉండి చేసినా, మూడూ వాలంటరీలీయే. చట్టమే ఓ ఉదాహరణ ఇచ్చింది. దోపిడీ సులువవుతుందని ఒకడు పెద్ద పట్నంలో, రాత్రిపూట, మనుషులున్న ఇంటికి నిప్పు పెట్టాడు. ఒకరు చనిపోయారు. చంపాలని వాడికి లేదు, జరిగినదానికి బాధ కూడా పడ్డాడు. అయినా ప్రాణం పోవచ్చని తెలిసి ఉంటే ఆ చావు వాలంటరీలీ కలిగించినట్టే. మన ‘కావాలని’ అంతదూరం సాగదు.

“కావాలని కాదు సార్, బెదిరిద్దామని రాయి విసిరా” అనే కక్షిదారుతో నాకు ఎప్పుడూ ఇదే పేచీ. జనం నిలబడ్డ చోట విసిరితే ఎవరికో తగులుతుందని తెలియదా నాయనా అంటే నేల చూస్తాడు. తేడా చిన్నదేం కాదు. వాలంటరీలీ గాయపరిస్తే సంహితలోని 115(2) కింద ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే గాయం నిర్లక్ష్యం వల్లనైతే 125(ఎ) కింద ఆరు నెలలు, 5,000 దాకానే.

మనసులోది ఎవరికీ కనబడదు కాబట్టి కోర్టు బయటి ఆనవాళ్లు చూస్తుంది: దేంతో కొట్టాడు, ఒంటిమీద ఎక్కడ కొట్టాడు, కొట్టేముందు ఏమన్నాడు. అందుకే ‘అతని మనసులో మాట నీకెలా తెలుసు?’ అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగడం మా పాత ఎత్తు. చాలామంది తడబడతారు. ఒక్కోసారి మాత్రం, “ముందురోజే కర్ర చెక్కించుకున్నాడండీ, నేను చూశా” అంటాడు సాక్షి. ఇంకో ప్రశ్న వెయ్యకుండా కూర్చోవడమే మేలు.