శివ్వంపేట నుంచి మస్కట్ దాకా... ఓ సినిమా కథ!

హీరో లేడు. హీరోయిన్ అంతకన్నా లేదు. పాటలు, ఫైట్లు అసలే లేవు. ఉన్నదల్లా మా నాయనమ్మ, ఆమె ముందు జొన్న విత్తనాల గంప, పక్కన బూడిద, వేపాకు, ఒక మట్టికుండ. నిడివి పద్దెనిమిది నిమిషాలు. ఇదీ ఒక సినిమానేనా అని నవ్వుకుంటున్నారు కదూ? నవ్వండి, ఫరవాలేదు. ఈ సినిమా ఎడిటింగ్ సగం మెదక్ జిల్లా శివ్వంపేటలో, సగం మస్కట్‌లో జరిగిందంటే మాత్రం కాస్త ఆగి వింటారనుకుంటాను!

సినిమా మాకు కొత్తేమీ కాదు. 1979 నాటి ‘మా భూమి’ షూటింగ్ జరిగింది మా మెదక్ జిల్లా మంగళపర్తిలోనే. కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల, దర్శకుడు బెంగాలీ గౌతమ్ ఘోష్, నిర్మాతల్లో ఒకరు మన బి. నర్సింగరావు. మూడు భాషలవాళ్లు కలిసి తీస్తే అది అచ్చమైన తెలంగాణ సినిమా అయింది. ఆ కథలు వింటూ పెరిగినవాణ్ణి, చేతిలో ఫోను ఉన్నాక ఊరుకుంటానా?

నాయనమ్మ విత్తనాలు ఎలా దాస్తుందో నాలుగు నెలలు తీశాను. తీసింది చూపిస్తే ఆమె ఒకటే మాట: “ఏందిరా, గీ డబ్బల నేనే ఉన్ననా? గింత ముసల్దాన్నయిననా!”

దొంగ కాపీ దెబ్బ

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా అద్దె కట్టాలన్నారు. అంత స్తోమత నాకెక్కడిది? తెలిసిన కుర్రాడి దగ్గర పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ తెచ్చుకున్నాను. టైటిల్ వేయబోతే తెలుగు వత్తులన్నీ విడిపోయి ఎక్కడివక్కడ పడ్డాయి. అయినా సర్దుకుని మూడు నెలలు కూర్చున్నాను. ఒకరోజు పొద్దున లాప్‌టాప్ తెరిస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. దొంగ కాపీతోపాటు వైరస్ కూడా వచ్చి కూర్చుంది!

ఎడిటింగ్ పోతే మళ్లీ చేసుకోవచ్చు. కానీ తీసిన బొమ్మంతా అందులోనే ఉంది. నాయనమ్మ అప్పటికి రెండు నెలల కిందటే కన్నుమూసింది. మళ్లీ తీద్దామంటే ఎవర్ని తీయను?

ఆ రాత్రి మస్కట్‌లో పనిచేసే మా దోస్తుకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. వాడు తాపీగా అన్నాడు: “అరె భై, నేను సెలవుకొచ్చినప్పుడు అంతా కాపీ చేసుకున్న గదరా. ఊరు యాదికొస్తే చూసుకుందామని.”

వాడికి అది ఊరి జ్ఞాపకం. నాకు పోయిన ప్రాణం! మరో నెలకి సెలవు మీద వస్తున్న ఒకాయన చేతికిచ్చి హార్డ్‌డిస్క్ పంపాడు.

రష్ ప్రింట్ కిటుకు

ఈసారి దొంగతనం వద్దనుకున్నాం. ‘కేడెన్‌లైవ్’ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దింపుకున్నాం. ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఫ్రీ అంటే డబ్బు లేకుండా దొరకడమొక్కటే కాదు, స్వేచ్ఛ అని అర్థం. మన ఇష్టప్రకారం వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు, మార్చినదాన్నీ పంచవచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన ఉద్యమం ఇది. మన హైదరాబాదులోనూ ‘స్వేచ్ఛ’ అనే సంస్థ ఇదే బాటలో కంప్యూటర్‌కి తెలుగు నేర్పింది.

మరి రెండు దేశాల్లో కూర్చుని ఒకే సినిమా కోయడమెలా? పాతకాలం ఎడిటింగ్ గుర్తు తెచ్చుకోండి. అసలు నెగెటివ్ ల్యాబ్‌లో భద్రంగా ఉండేది. ఎడిటర్ కోసేది రష్ ప్రింట్‌ని. ఆ కోతల ప్రకారం చివర్లో నెగెటివ్‌ని కత్తిరించేవారు. ఇక్కడా అంతే. పెద్ద బొమ్మలకి చిన్న నకళ్లు తయారవుతాయి, వాటిని ప్రాక్సీ అంటారు. నా ముసలి లాప్‌టాప్ కూడా వాటితో హాయిగా నడిచింది. ఎక్కడ కోశాం, ఎక్కడ అతికాం అన్న లెక్కంతా ఒక చిన్న ప్రాజెక్ట్ ఫైల్లో ఉంటుంది. బొమ్మ ఇద్దరి దగ్గరా ఉంది కాబట్టి ఆ చిట్టీ ఒక్కటి పంపితే చాలు, వాడి తెర మీదా అదే సినిమా! ఇద్దరి దగ్గరా ఫోల్డర్ల పేర్లు మాత్రం ఒకేలా ఉండాలి. లేకపోతే క్లిప్ కనబడటం లేదని మొండికేస్తుంది. రెండుసార్లు మధ్యలో ఆగిపోయి మా ఓపికనీ పరీక్షించింది. అయినా వత్తులు మాత్రం చక్కగా అతుక్కున్నాయి!

వాడు రాత్రి డ్యూటీ దిగి, గదిలో మంచం మీద కూర్చుని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాసేవాడు. ‘పునాస పంట’ని ఇంగ్లీషులో ఏమనాలో తేలక ఒక రాత్రంతా పోట్లాడుకున్నాం. సబ్‌టైటిల్ ఫైలంటే ఉత్త అక్షరాలే కదా, పక్క మంచం మీది బంగ్లాదేశ్ కుర్రాడు దాన్ని తీసుకుని బెంగాలీలో రాసిపెట్టాడు. వాళ్ల నానమ్మ కూడా విత్తనాల్లో వేపాకు వేస్తుందట!

సంఘం షాట్

అన్నీ కుదిరాయి గానీ సినిమాలో ఏదో లోటు. ఏమిటో అంతుపట్టలేదు. అప్పుడు గుర్తొచ్చారు జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ మహిళలు. ఒకప్పుడు అది మా మెదక్ జిల్లాయే, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ (2023లో కన్నుమూశారు) తదితరులు 1983లో పెట్టిన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, కూలికెళ్లే దళిత మహిళలు వీడియో కెమెరా నేర్చారు. వరంగల్ బీటీ పత్తి రైతుల బాధల మీద 2003లో డాక్యుమెంటరీ తీశారు. ఆ తర్వాత ఆఫ్రికా రైతుల పొలాలకీ కెమెరా పట్టుకెళ్లారు. బడి మొహం చూడనివాళ్లు దేశాలు దాటి సినిమా తీశారు!

వాళ్లు షాట్లకి సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, దొర చూపు. ఎదురుగా సమానంగా కూర్చుని కళ్లలోకి చూసేది సంఘం షాట్.

ఆ మాట చదివి నా సినిమా మళ్లీ వేసుకున్నాను. సిగ్గేసింది. అన్నీ పటేల్ షాట్లే! నేల మీద కూర్చున్న నాయనమ్మని నేను నిలబడి తీశాను. ఇన్నాళ్లూ లోటు కథలో ఉందనుకున్నాను. తీరా చూస్తే నేను నిలబడిన తీరులో ఉంది.

సంగతి చెప్పగానే మస్కట్ నుంచి ఒక క్లిప్ నంబరు వచ్చింది. నేను పనికిరాదని పక్కన పడేసినది. అన్నం తినడానికి కూర్చుంటూ ఫోను కుండకి ఆనించి, ఆపడం మరిచాను. నాయనమ్మ సరిగ్గా కెమెరాకి ఎదురుగా కూర్చుంది. గుప్పెడు జొన్నలు అరచేతిలో పోసుకుని చూపిస్తూ, “గివి నువ్వు దాస్తవా మరి?” అంటుంది.

సినిమా ఆ ప్రశ్నతోనే ముగించాం.

ఇంటి ముందు దుప్పటి కట్టి ఊళ్లో వేశాం. అదే వేళకి మస్కట్ గదిలో గోడ మీద వాళ్లూ వేసుకున్నారు. ఆఖరి షాట్‌కి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. అక్కడా అంతేనట.

మీకింకా అనుమానంగా ఉందా? ‘ఫ్లో’ అనే లాత్వియా బొమ్మల సినిమాకి 2025లో ఆస్కార్ వచ్చింది. దాన్ని చేసింది ‘బ్లెండర్’ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనే. 2002లో ప్రజలు లక్ష యూరోలు చందాలేసుకుని అందరిదీ చేసుకున్న సాఫ్ట్‌వేర్ అది. కాబట్టి మిత్రులారా, డబ్బు లేదన్న సాకు ఇక చెల్లదు. తీసినదాన్ని మాత్రం రెండు చోట్ల దాచండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే ఫోను తీసి, వాళ్లకెదురుగా కింద కూర్చోండి.

నాయనమ్మ జొన్నలు మా ఇంట్లో కుండలో భద్రంగా ఉన్నాయి. ఈ పునాసకి చల్లుతున్నాం!