ఇంటి బీరు కిట్: శుభ్రత, ఓర్పు, చట్టం

హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం వంటి ఊళ్ల నుంచి చదువులకో ఉద్యోగాలకో బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా దేశాలకు వెళ్లిన యువకులకు అక్కడి దుకాణాలలో ఒక వస్తువు వింతగా తోస్తుంది. చిక్కని పాకం నింపిన ఒక డబ్బా, దాని మూత కింద చిన్న ఈస్టు పొట్లం, పక్కనే మూత గల పెద్ద ప్లాస్టిక్ బకెట్. ఇవి కొని తెచ్చుకున్నవారు నెల తిరిగేసరికి ఇరవై లీటర్లకు పైగా బీరు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. మన వైపు ఇంట్లో మద్యం చేయడమంటే నాటుసారా బట్టీలు, పోలీసు దాడులు గుర్తుకు వస్తాయి. అక్కడ అది ఆదివారపు కాలక్షేపం. ఈ కిట్ ఎలా పనిచేస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కడ పొరబడతారు, స్వదేశానికి తిరిగి వచ్చాక ఇదే పని చేస్తే ఏమవుతుంది అన్న మూడు విషయాలూ తెలుసుకోదగినవే.

డబ్బాలో ఉన్నదేమిటి?

తాటికల్లు, ఈతకల్లు పులియడానికి మనిషి చేయవలసినది దాదాపు ఏమీ లేదు. చెట్టు నుంచి కారే నీరాలోనే చక్కెర ఉంటుంది. గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు గంటల్లో దానిని కల్లుగా మారుస్తుంది. బార్లీ గింజ సంగతి అలా కాదు. అందులో ఉన్నది పిండి పదార్థం. ఈస్టు దానిని తినలేదు. కనుక ముందు గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టాలి. కోలారు ప్రాంతపు ఇళ్లలో పిల్లలకు రాగి మాల్ట్ చేసే పద్ధతి ఇదే. మొలకెత్తే గింజలో పుట్టే ఎంజైములు, ఆ తరువాత వేడి నీటిలో నానినప్పుడు, పిండిని చక్కెరగా విడగొడతాయి. ఆ తీపి నీటిని హాప్స్ అనే తీగ పూలతో మరిగిస్తే చేదు, సువాసన వస్తాయి. అందులోని నీటిని చాలావరకు ఆవిరి చేస్తే మిగిలే చిక్కని పాకమే డబ్బాలోకి చేరుతుంది.

అంటే బీరు తయారీలో కష్టమైన సగాన్ని కర్మాగారమే పూర్తిచేసి పంపుతోందన్నమాట. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1862లో మొదలైన కూపర్స్ సంస్థ ఇలాంటి కిట్లకు పేరు పొందింది. ఆ సంస్థ 1.7 కిలోల డబ్బా 23 లీటర్ల బీరుకు సరిపోతుంది. పొట్లంలోని ఈస్టు కూడా ఏదో ఒకటి కాదు. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచే పద్ధతిని కనుగొన్నాడు. నేటి పొడి ఈస్టు ఆ విద్యకు వారసురాలు.

చట్టం దారి ఇచ్చిన తీరు

పాశ్చాత్య దేశాలలోనూ ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉన్నది కాదు. బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ 1880లో పన్నుల విధానం మార్చినప్పుడు ఇంట్లో బీరు చేసుకునేవారికి లైసెన్సు తప్పనిసరి అయింది. ఆ లైసెన్సును 1963లో నాటి ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఎత్తివేశాడు. ఆ తరువాతి దశకంలో అక్కడ కిట్లు విరివిగా అమ్ముడుపోయాయి. అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసినా ఇంటి బీరుకు అనుమతి రాలేదు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి ఆ అనుమతినిచ్చింది. ఒక్క పెద్దమనిషి ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు దాని పరిమితి. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 వరకూ ఒప్పుకోలేదు. ఈ దేశాలన్నిటిలోనూ అనుమతి సొంత వాడకానికే. అమ్మితే నేరం.

మొదటి రోజు పని

కొత్తవారి బీరు చెడిపోవడానికి ప్రధాన కారణం అపరిశుభ్రత. తీపి నీరు ఈస్టుకు ఎంత ఇష్టమో, పులుపు పుట్టించే బాక్టీరియాకూ అంతే ఇష్టం. కనుక బకెట్, మూత, గరిటె, కుళాయి, సీసాలు మొదట మురికి లేకుండా కడగాలి. ఆ తరువాత క్రిమిసంహారక ద్రావణంతో మరోసారి తడపాలి. ఈ రెండూ వేర్వేరు పనులు. మురికి మీద మందు పనిచేయదు. ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణం వాడితే మంచినీటితో బాగా తొలచాలి. దానిని వెనిగర్ వంటి ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. ఈ పనికోసమే అమ్మే, మళ్లీ కడగనవసరం లేని ద్రావణాలు తేలిక.

తరువాతి పని అరగంటది. డబ్బాను వేడి నీటిలో కాసేపు ఉంచితే పాకం జారుతుంది. దానిని రెండు లీటర్ల మరిగిన నీటిలో వేసి, కిట్ సూచించిన చక్కెరను కలిపి కరిగించాలి. సాధారణంగా ఇది ఒక కిలో. మామూలు పంచదార వాడితే బీరు పలుచబడి రుచి తగ్గుతుంది. డెక్స్‌ట్రోజు లేదా మాల్ట్ పొడి వాడడం మేలు. ఆపైన చల్లటి నీటితో 23 లీటర్ల వరకు నింపాలి. కుళాయి నీటిలో క్లోరిన్ వాసన ఉంటే ముందురోజే మరిగించి చల్లార్చుకోవాలి. లేకుంటే బీరుకు ఆసుపత్రి వాసన అంటుకుంటుంది.

ఈస్టు చల్లే ముందు ఉష్ణోగ్రత చూడాలి. ఏల్ రకానికి 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. వేడి నీటిలో చల్లితే ఈస్టు చస్తుంది. 28 డిగ్రీలు దాటిన గదిలో పులిస్తే బతికే ఉంటుంది గాని, ఘాటైన ఆల్కహాళ్లు పుట్టి రుచి పాడవుతుంది. బ్రిటన్ చలికాలంలో బకెట్‌కు వెచ్చని పట్టీ చుట్టేదీ, ఆస్ట్రేలియా వేసవిలో దానిని నీళ్ల తొట్టిలో నిలిపేదీ ఇందుకే.

నిరీక్షణ, కొలత

మూత బిగించి, దానికి ఎయిర్‌లాక్ అమర్చుతారు. ఇది నీరు నింపిన చిన్న గొట్టం. లోపలి వాయువు బుడగలుగా బయటకు పోతుంది, బయటి గాలి లోనికి రాదు. ఒక రోజులోగా బుడగలు మొదలవుతాయి, నాలుగైదు రోజులకు సద్దుమణుగుతాయి. బుడగలు ఆగాయి గనుక పని అయిపోయిందని తలచడమే కొత్తవారి రెండవ పొరపాటు. చలికి ఈస్టు మందగించినా, మూత సందులోంచి వాయువు పోయినా బుడగలు ఆగుతాయి.

నమ్మదగినది హైడ్రోమీటరు ఒక్కటే. శుద్ధమైన నీటిలో ఈ గాజు పరికరం 1.000 చూపిస్తుంది. చక్కెర నీటిలో మరింత పైకి తేలుతుంది. మొదటి రోజు 1.040 చూపిన ద్రవం, పులియడం ముగిశాక 1.010 దగ్గర నిలుస్తుంది. ఈ రెండింటి తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం తెలుస్తుంది. ఈ ఉదాహరణలో అది 3.9. వరుసగా రెండు మూడు రోజులు అంకె మారకపోతేనే సీసాలకు వేళయినట్టు.

సీసాలో దాగిన ప్రమాదం

ఈస్టు తిన్న చక్కెరలో బరువు ప్రకారం సుమారు సగం ఆల్కహాలుగా, సగం కార్బన్ డై ఆక్సైడుగా మారుతుంది. సీసాలో బీరు పొంగడానికి లీటరుకు సుమారు 6 గ్రాముల చక్కెర చేర్చి మూత బిగిస్తారు. అందులో నుంచి దాదాపు ఒకటిన్నర లీటర్ల వాయువు పుట్టి బీరులో కరుగుతుంది. ఇంతవరకు సీసా ఓర్చుకుంటుంది. అదే బీరును 1.010 దాకా ఆగకుండా 1.016 దగ్గరే నింపేస్తే, చేర్చిన చక్కెరకు దాదాపు రెట్టింపు చక్కెర లోపల ఇంకా మిగిలే ఉంటుంది. అదీ ఇదీ కలిసి పులిసినప్పుడు గాజు సీసా బాంబులా పేలుతుంది. చేతులు, కళ్లు గాయపడతాయి. కనుక మొదటిసారి చేసేవారు సోడాలకు వాడే గట్టి ప్లాస్టిక్ సీసాలే వాడడం మంచిది. నొక్కి చూస్తే లోపలి ఒత్తిడి తెలుస్తుంది, పగిలినా గాజు పెంకులు ఎగరవు. గాజు వాడితే బీరుకోసం చేసిన మందపాటి సీసాలే వాడాలి. గోధుమ రంగువైతే మేలు. హాప్స్ సారం వెలుతురు తగిలితే దుర్వాసన కొడుతుంది. నింపిన సీసాలను రెండు వారాలు గది వేడిలో నిలిపి, ఆపైన చల్లబరచాలి.

విషం భయం ఎంతవరకు?

సరిహద్దు జిల్లాల వారికి ఈ ప్రశ్న పుస్తకాలది కాదు. 2008 మేలో కోలారు, బెంగళూరు, కృష్ణగిరి ప్రాంతాలలో కల్తీసారా వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో అరవైమందికి పైగా మరణించారు. ఇలాంటి దుర్ఘటనలలో చంపేది మిథనాలు. అది పులిసిన ధాన్యంలో నుంచి పుట్టుకొచ్చినది కాదు. పరిశ్రమలలో వాడే మిథనాలును లాభాపేక్షతో సారాలో కలపడం వల్ల వచ్చినది. బార్లీ బీరు పులిసేటప్పుడు మిథనాలు పుట్టేది అతి స్వల్పం. అది హాని చేసేటంత కాదు.

అయితే ఈ భరోసా పులియబెట్టడం వరకే. పులిసినదాన్ని బట్టీ పెట్టి సారా తీయడం వేరే విద్య. అందులో అగ్నిప్రమాదం ఉంది, హానికర పదార్థాలు ఒకచోట చేరే అవకాశమూ ఉంది. బీరుకు తలుపులు తెరిచిన బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలు కూడా ఇంట్లో సారా తీయడాన్ని లైసెన్సు లేకుండా అనుమతించవు.

మన గడప దగ్గర

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం మద్యం రాష్ట్రాల అధికార పరిధిలోనిది. అందువల్ల తెలుగువారు నివసించే ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క చట్టం అమలులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజు చట్టం, కర్ణాటకలో 1965 నాటిది, తమిళనాడులో 1937 నాటి మద్యనిషేధ చట్టం, మహారాష్ట్రలో 1949 నాటిది, యానాంలో 1970 నాటి పుదుచ్చేరి ఎక్సైజు చట్టం, ఒడిశాలో 2008 నాటి ఎక్సైజు చట్టం. పేర్లు వేరైనా మూలసూత్రం ఒక్కటే. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. బెంగళూరు, హైదరాబాదులలో బీరును అక్కడికక్కడే తయారు చేసి పోసే మైక్రోబ్రూవరీలు నడిచేది లైసెన్సు మీదనే.

ఇక్కడే ఒక అపోహ బయలుదేరుతుంది. విదేశం నుంచి వచ్చినవారు పెట్టెలో ఒక డబ్బా తెచ్చుకుని, ఇది మాల్ట్ పాకమే గదా, మద్యం కాదు గదా అనుకుంటారు. పాకం మద్యం కాదన్న మాట నిజమే. కాని ఈస్టు చల్లి పులియబెట్టిన తరువాత బకెట్‌లో ఉన్నది మద్యమే. తయారీ ఉద్దేశంతో సామగ్రి దగ్గర ఉంచుకోవడం కూడా ఈ చట్టాల కింద శిక్షార్హం. అక్కడ కాలక్షేపమైన పని ఇక్కడ కేసు అవుతుంది. పరీక్షలు, పాస్‌పోర్టులు, ఉద్యోగాలు ముందున్న యువకులకు అది చిన్న విషయం కాదు.

కనుక ఈ విద్యను అనుమతి ఉన్న దేశంలో, మద్యపానానికి చట్టం నిర్ణయించిన వయసు దాటినవారు, తమ వాడకం మేరకు నేర్చుకోవచ్చు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ఆ వయసు 18 ఏళ్లు, అమెరికాలో 21. అక్కడ కావలసినవి రెండే. కడిగిన సీసా, ఆగగలిగిన మనసు. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం హైడ్రోమీటరునూ ఈస్టు పొట్లాన్నీ అక్కడి గదిలోనే వదిలి రావడం క్షేమం.