ధర్మ దవాఖానలో గాయపడితే అడిగే హక్కు లేదా?

2022 మార్చి చివరి రోజులు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న ఒక రోగిని ఎలుకలు కొరికాయి. రక్తం కారుతుండటం చూసి కుటుంబ సభ్యులు గొడవ చేస్తేనే సంగతి బయటికొచ్చింది. హైదరాబాద్ నిమ్స్‌కు తరలించిన తర్వాత ఏప్రిల్ మొదట్లో ఆయన చనిపోయారు. ముందునుంచీ ఉన్న జబ్బులే కారణమని, ఎలుక కాట్లు కాదని డాక్టర్లు చెప్పారు. ప్రభుత్వం సూపరింటెండెంట్‌ను బదిలీ చేసింది, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేసింది. కొద్ది రోజులకు వార్త పాతబడిపోయింది.

మా ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. బదిలీ, సస్పెన్షన్ అనేవి ప్రభుత్వానికీ ఉద్యోగికీ మధ్య వ్యవహారం. మరి గాయపడిన మనిషికి చట్టం ఏమిస్తుంది? పరిశోధన కోసం దవాఖానల చుట్టూ తిరిగినప్పుడు మాకు తరచూ వినపడే మాట ఒకటుంది: 'పైసలు కట్టకుండ వచ్చినోళ్లం, మేమేం అడుగుతం?' ఇది అమాయకత్వం కాదు. మన చట్టంలో ఒక భాగం కూడా దాదాపు ఇదే మాట అంటోంది.

డబ్బు ఎవరు కట్టారు?

వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే మామూలుగా వెళ్లే చోటు వినియోగదారుల కమిషన్. వైద్యం కూడా వినియోగదారుల చట్టం కింద 'సేవ' అవుతుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. అదే తీర్పులో ఒక గీత కూడా గీసింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి ఈ చట్టం పరిధిలోకి రాదు. పేరు నమోదుకు నామమాత్రపు రుసుము కట్టినా రాదు. మేం పన్నులు కడుతున్నాం కదా అనే వాదనను కోర్టు ఒప్పుకోలేదు. 2021లో నివేదితా సింగ్ కేసులో ఇదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది.

దీని అర్థం ఏమిటి? హన్మకొండలో ప్రైవేటు ఆస్పత్రికి బిల్లు కట్టిన రోగికి వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచి ఉంటుంది. అదే గాయం ఉచిత వార్డులో అయితే ఆ తలుపు మూసి ఉంటుంది. చట్టంలో కులం ప్రస్తావన ఎక్కడా లేదు. కానీ ఉచిత వార్డులో ఎవరుంటారో వరంగల్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. దళితవాడల నుంచి, తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన వాళ్లే అక్కడ ఎక్కువ.

మిగిలిన దారులు

ఒక తలుపు మూసి ఉన్నంత మాత్రాన హక్కు పోలేదు.

మొదటిది సివిల్ కోర్టు. ఔరంగాబాద్ ప్రభుత్వ ఆస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ వదిలేయడంతో ఒక మహిళ చనిపోయింది. ఆ నష్టానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 1996లో అచ్యుతరావు ఖోడ్వా కేసులో చెప్పింది. 2000లో హర్యానాకు చెందిన ఒక కూలీ మహిళ కేసులోనూ ప్రభుత్వం తప్పించుకోలేకపోయింది.

రెండోది రాజ్యాంగం. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యక్తిని ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచాలు లేవనో సౌకర్యాలు లేవనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో సొంత డబ్బు పెట్టుకున్నాడు. ఆయనతో కలిసి వ్యవసాయ కూలీల సంఘం కోర్టుకు వెళ్లింది. సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘన అని, నిధులు లేవని ప్రభుత్వం తప్పించుకోజాలదని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చి, ఆయనకు 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. మొత్తం చిన్నదే. అయినా ఉచిత రోగి కూడా హక్కుదారుడేనని ఆ తీర్పు ఒప్పుకుంది. ఒంటరి కుటుంబం వెంట సంఘం నిలబడితే ఏం జరుగుతుందో కూడా చూపించింది. మనకు 226వ అధికరణ కింద హైకోర్టు ఉంది.

మూడోది ఆరోగ్యశ్రీ. ప్రైవేటు ఆస్పత్రిలో కార్డు మీద వైద్యం చేయించుకున్నవాళ్లు 'ఉచితంగా వచ్చాం' అని వెనక్కి తగ్గనక్కర్లేదు. రోగి బదులు బీమా సంస్థ డబ్బు కట్టినా అది సేవేనని, కొందరి దగ్గర డబ్బు తీసుకునే ఆస్పత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని వి.పి. శాంత తీర్పే చెప్పింది.

ఎక్స్‌గ్రేషియా అంటే దయ

2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలోగా ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లోనే దేవికా బిస్వాస్ కేసులో ఆదేశించింది. ఆరేళ్లకు కూడా అదే పద్ధతి నడిచింది. ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఎక్స్‌గ్రేషియా అంటే తప్పు ఒప్పుకోకుండా దయతో ఇచ్చేది. పరిహారం అంటే తప్పు తేల్చి హక్కుగా ఇచ్చేది. మొదటిది తీసుకున్నంత మాత్రాన రెండోది అడగకూడదని లేదు.

వెంటనే చేయాల్సినవి

కేస్‌షీట్ కాపీ కోసం తేదీ వేసి రాతపూర్వకంగా అడగాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. గాయాలకు, వార్డు పరిస్థితికి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. అనుమానాస్పద మరణమైతే పోస్టుమార్టం అడగాలి. అది లేకపోతే కారణం నిరూపించడం కష్టం.

వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లాలి. వైద్యానికి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. 1987 చట్టంలోని 12వ సెక్షన్ ఇది. మెడికల్ కౌన్సిల్ డాక్టర్ మీద చర్య తీసుకోగలదు గానీ పరిహారం ఇప్పించదు. క్రిమినల్ కేసుకు 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం తీవ్ర నిర్లక్ష్యం చూపించాలి, మరో డాక్టర్ అభిప్రాయం కూడా కావాలి.

ఎలుకలు ఎలా వచ్చాయి?

పరిహారం జరిగిన దానికి. మళ్లీ జరగకుండా చూడాలంటే ప్రశ్న మార్చాలి. ఎలుకలు వార్డులోకి ఊరికే రావు. మిగిలిన అన్నం, మూతలేని డ్రైనేజీ, పూడ్చని కన్నాలు, చాలని మనుషులు వాటిని పిలుస్తాయి. పారిశుద్ధ్యం కాంట్రాక్టర్ల చేతిలో ఉంటుంది. ఊడ్చే చేతులు చాలా వరకు మన వాడలవే. ఏదన్నా జరిగితే మొదట వేలు చూపేదీ వాళ్ల వైపే. అంటే మంచం మీద గాయపడేదీ, చీపురు పట్టి నింద మోసేదీ ఒకే సమాజం.

అందుకే సమాచార హక్కు చట్టం కింద అడగాలి: కాంట్రాక్టు ప్రకారం ఒక్కో షిఫ్టుకు ఎంతమంది ఉండాలి, హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారు, ఎలుకల నివారణకు ఎంత చెల్లించారు, ఎవరు తనిఖీ చేశారు? దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులు, స్థానిక సంఘాలు కలిసి ఏటా రెండుసార్లు ఈ నాలుగు ప్రశ్నలు వేసినా, తనిఖీ చేయాల్సినవాళ్లు వార్డుల్లోకి అడుగు పెట్టక తప్పదు.

మన పెద్దలు ప్రభుత్వ ఆస్పత్రిని ధర్మ దవాఖాన అన్నారు. ఎవరో ధర్మం చేస్తే తీసుకున్నట్టు ఆ మాట మనల్ని ఇన్నాళ్లూ నోరెత్తనివ్వలేదు. ఇకమీద కేస్‌షీట్ అడగడం దగ్గరే మొదలుపెడదాం.